994 అనే హిమోగ్లోబిన్

ఆరోగ్య సర్వేల సమాచారంతో పని మొదలుపెట్టిన కొత్తలో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫైలులో స్త్రీల హిమోగ్లోబిన్ సగటు తీస్తే మనిషి ఒంట్లో ఉండే వీలే లేని అంకె వచ్చింది. ఆ సర్వేలో 115 అని ఉంటే డెసిలీటరు రక్తానికి 11.5 గ్రాములని చదువుకోవాలి. దశాంశ బిందువు ఫైలులో కనిపించదు. 994 అంటే పరీక్ష వేళకు ఆమె ఇంట్లో లేదని, 995 అంటే రక్తం ఇవ్వడానికి ఒప్పుకోలేదని అర్థం. ఫైలులోని ఏ అంకెకు ఏ అర్థమో చెప్పే కోడ్‌బుక్‌లో ఇదంతా విడమరిచి రాసి ఉంది కాబట్టి నా తప్పు గంటలో దిద్దుకున్నాను. లేనివారినీ ఒప్పుకోనివారినీ వేరువేరుగా చూపడం ఎంత విలువైనదో ఆనాడే అర్థమైంది. రక్తపరీక్ష వద్దన్నవారు మిగతావారికంటే భిన్నమైనవారైతే, రక్తహీనత లెక్కే ఒక పక్కకు ఒరిగిపోతుంది. రెండింటినీ ఖాళీ గడిగా వదిలేసిన ఫైలులో ఆ అనుమానాన్ని తీర్చుకునే దారి ఉండదు.

జిల్లాల సంగతి ఇంకా చిక్కు. 2015-16 నాటి నాలుగో సర్వేలో తెలంగాణకు 10 జిల్లాలు. 2016 అక్టోబరులో అవి 31 అయ్యాయి. 2019లో ఐదో సర్వే సిబ్బంది మన ఊళ్లలో తిరిగింది ఆ 31 జిల్లాల లెక్కనే. పాత ఆదిలాబాద్‌లో నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం విడిపోయాయి. పేరు ఒకటే కదా అని రెండు సర్వేల ‘ఆదిలాబాద్’ను పక్కపక్కన పెట్టి, పిల్లల ఎదుగుదల మెరుగైందనో దిగజారిందనో రాస్తే అది రెండు వేరువేరు ప్రాంతాలను పోల్చడమే అవుతుంది. ఏ తేదీనాటి సరిహద్దుల ప్రకారం జిల్లా కోడ్ వేశారో ఒక్క వాక్యం ఫైలుతోపాటు వెళ్లాలి.

ఊళ్ల స్థానాల విషయమూ అంతే. ఈ తరహా సర్వేల్లో జీపీఎస్ బిందువులను బయటికి ఇచ్చేటప్పుడు, కుటుంబాల గోప్యత కోసం పట్టణాల్లో 2 కిలోమీటర్ల వరకు, పల్లెల్లో 5 కిలోమీటర్ల వరకు, పల్లెల్లోనే నూటికి ఒక బిందువును 10 కిలోమీటర్ల వరకు కావాలనే జరుపుతారు. ఈ మాట తెలియని పరిశోధకుడు ఆ బిందువు నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి దూరం కొలిచి, ఆ దూరాన్నే నిజమని నమ్ముతాడు.

పెద్ద సర్వేలకు కోడ్‌బుక్ రాసే యంత్రాంగం ఉంది. నా బాధంతా చిన్న సర్వేల గురించే. నేను పనిచేసిన ఒకదానిలో సగం ఊళ్లు అయ్యాక బీపీ యంత్రాలు మార్చారు. ఏ రోజు, ఏ బృందానికి మారాయో ఎక్కడా రాయలేదు. తర్వాత ఫైలు అడిగిన పరిశోధకురాలికి, రెండో సగంలో బీపీ ఎందుకు తగ్గిందో చెప్పలేకపోయాం. ఆ కొలతలు ఇచ్చిన ప్రతి మనిషీ కూలి పనో వంట పనో ఆపి మాకు చెయ్యి చాపారు. మేము ఒక తేదీ రాయనందుకు వాళ్లిచ్చిన సమయం వృథా అయింది.

ఇంగ్లిష్ ప్రశ్నావళిని ఒక్కదాన్నే భద్రపరచడం మరో లోపం. ‘మీకు షుగర్ ఉందా?’ అని అడగడమూ, ‘మీకు షుగర్ ఉందని ఎప్పుడైనా డాక్టరు గాని నర్సు గాని చెప్పారా?’ అని అడగడమూ ఒకటి కావు. మొదటిదానికి అనుమానంతోనూ అవునంటారు. గడప ముందు నిలబడి అడిగిన తెలుగు వాక్యమే ఆ అంకెకు మూలం కాబట్టి, అది అక్షరం మారకుండా ఫైలుతో ఉండాలి.

ఇప్పటి సర్వేలో పిల్లల పుట్టిన తేదీ పక్కన ఇంకో గడి పెట్టించాను. తేదీని టీకాల కార్డు చూసి రాశారా, తల్లి గుర్తుచేసుకుని చెప్పిందా, పండగల ఆధారంగా లెక్కగట్టారా అన్నది అందులో పడుతుంది. వయసుకు తగ్గ ఎత్తు లెక్కలో రెండు నెలల తేడా వచ్చినా పిల్లవాడు గిడసబారినవాడి కిందికి రావచ్చు, రాకపోవచ్చు. నిన్న వచ్చిన ఒక ఫారంలో మూడో కోడ్ వేసి, కింద తల్లి మాట అలాగే రాశారు: ‘సంక్రాంతి పోయిన మూడో రోజు, పొద్దుగూకేటప్పుడు.’