చేజర్ బిన్ ట్రాక్టర్: పన్నెండు గంటల క్యాబిన్‌ని ఎలా చూడాలి

పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమ పొలాల్లో ఏడాది చివరి నెలలు కోతల కాలం. ఆ పనికి కొత్తగా వచ్చే మనవాళ్లకు చాలాసార్లు అప్పగించేది చేజర్ బిన్ ట్రాక్టర్. కోత మిషన్ ఆగదు. దాని పక్కనే అదే వేగంతో నడుపుతూ, వెనక తగిలించిన బిన్‌లోకి, అంటే పెద్ద గింజల తొట్టిలోకి, గింజ పట్టించుకుని, చేను చివర నిలబెట్టిన లారీలో పోసి రావాలి. బయట 40 డిగ్రీల ఎండ, షిఫ్టు పన్నెండు గంటలు. ఊళ్లో 45 హార్స్‌పవర్ బండిని టాపు కూడా లేకుండా తోలినవాడికి ఈ ఏసీ క్యాబిన్ మొదటిరోజు రాజభోగమే. నడుము సంగతి నాలుగో రోజుకు గానీ తెలీదు.

అందుకే తాళం తిప్పకముందే సీటు చూడండి. గాలి సస్పెన్షన్ సీటుకి బరువు సెట్ చేయాల్సింది మీరు కూర్చున్నాక. చాలా సీట్లకు ఆకుపచ్చ గుర్తు ఉంటుంది, అక్కడికి తేవాలి. మీకు ముందు తోలినవాడు 110 కిలోలు, మీరు 65 అయితే సీటు పైకి తన్నుకుని బిగుసుకుపోతుంది. అటుదిటైతే ప్రతి గుంతకీ అడుగుకు కొడుతుంది. రెండింటికీ బలయ్యేది వెన్నే. తర్వాత బ్రేకు పూర్తిగా తొక్కి చూడండి, అప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. పొట్టిగా ఉన్నవాళ్లకు చిక్కు ఇక్కడే: పెడల్ అందాలని సీటు ముందుకు జరిపితే మోకాళ్లు స్టీరింగ్ కాలమ్‌కి తగులుతాయి. కాలమ్ ఎత్తు, వంపు మార్చుకుని, ఆర్మ్‌రెస్ట్ చివర్లో సర్దుకోవాలి. భుజం పైకి లేవకుండా మోచేయి దానిమీద ఆనాలి.

సీటు ఎంత మంచిదైనా టైర్లలో గాలి ఎక్కువుంటే దండగ. రోడ్డు ప్రయాణానికి నింపిన గాలితోనే చేలో తిరిగితే కుదుపంతా పైకే వస్తుంది. టైరు కంపెనీ ఇచ్చే పట్టికలో బరువుకీ వేగానికీ ఎంత ఉండాలో ఉంటుంది. యూరప్ చట్టం ప్రకారం ఒంటికి తగిలే కంపనం ఎనిమిది గంటల లెక్కన సెకను స్క్వేర్‌కు 0.5 మీటర్లు దాటితే యజమాని తగ్గించే ఏర్పాటు చేయాలి, 1.15 మాత్రం దాటనివ్వకూడదు.

ఇక చూపు. కోత మిషన్ గింజ గొట్టం సాధారణంగా దాని ఎడమవైపుకి తెరుచుకుంటుంది. అంటే మీరు దానికి ఎడమపక్కన ఉంటారు, రోజంతా కుడికే చూడాలి. సరిగ్గా ఆ కుడి స్తంభానికే జీపీఎస్ తెర, కెమెరా తెర, తూకం డబ్బా వరసగా బిగించేసి ఉంటాయి! గొట్టం మూతి వాటి వెనక దాక్కుంటుంది, గింజ నేలపాలవుతుంది. తెరలను ఆర్మ్‌రెస్ట్ వైపు కిందికి దించమని అడగండి. సీటుని కుడికి తిప్పి లాక్ చేసుకుంటే మెడ తిప్పే పని బాగా తగ్గుతుంది. పెద్ద తెర చూసి బండిని మెచ్చుకునేవాళ్లున్నారు గానీ, దానికంటే ఈ తిరిగే సీటే విలువైంది.

బ్రాండ్ మారినా మీటల రంగులు చాలావరకు ఒకటే: ఎరుపు ఇంజన్ ఆపడానికి, నారింజ వేగం, గేరు వంటి బండి కదలికకు, పసుపు పీటీఓకి (ఇంజన్ శక్తిని వెనక పరికరానికి అందించే షాఫ్టుకి), నలుపు హైడ్రాలిక్స్, మిగతావాటికి. ముందుకీ వెనక్కీ మార్చే మీట ఎక్కువగా స్టీరింగ్‌కి ఎడమపక్కన ఉంటుంది, క్లచ్ తొక్కే అవసరం అరుదు. నిలబడి తోలే అలవాటు మానుకోవాలి, సీటు కింద స్విచ్ ఉంటుంది, లేస్తే అలారం మోగుతుంది, కొన్ని బండ్లలో పీటీఓ ఆగిపోతుంది. మడ్‌గార్డు మీద మనిషిని కూర్చోబెట్టడం అసలు కుదరదు. దిగేటప్పుడు ముఖం బండివైపు పెట్టి, రెండు చేతులూ రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు ఆని ఉండాలి. దూకితే పోయేది మడమే.

దుమ్ము గురించి ఎవరూ చెప్పరు. క్యాబిన్ లోపలి గాలి ఒత్తిడి బయటకంటే ఎక్కువుంటేనే దుమ్ము రాదు. ఫ్యాన్ పెంచి తలుపు వేయండి, చివర్లో కాస్త ఎదురు తోస్తే బాగున్నట్టు. తలుపు రబ్బరు వెంట సన్నటి దుమ్ము గీత కనిపిస్తే లీకు అక్కడే. చల్లగా ఉంటుందని రోజంతా లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి ఉంచితే బయటి గాలి తగ్గి ఒత్తిడి పడిపోతుంది. కాగితం ఫిల్టర్‌ని దగ్గరనుంచి కంప్రెసర్ గాలితో కొడితే మడతల్లో చిల్లులు పడతాయి, పైకి శుభ్రంగానే ఉంటుంది. ఏసీ చల్లబడకపోతే గ్యాస్ అనుకునే ముందు కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) చూడండి, పొట్టు పట్టేసి ఉంటుంది. ఇంజన్ ఆపి, పొట్టు చేరిన వైపు నుంచి కాకుండా దాని వెనకవైపు నుంచి గాలి కొట్టాలి.

మందు కొట్టే పనైతే మామూలు ఫిల్టర్ చాలదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 15695లో నాలుగు వర్గాలున్నాయి: రెండోది దుమ్మునే ఆపుతుంది, మూడోది తుంపరనూ ఆపుతుంది, ఆవిరిని ఆపేది నాలుగోదే. బండి మీద ఏ వర్గం రాసి ఉందో, అందులో ఇప్పుడున్న ఫిల్టర్ అదేనో కాదో చూసుకోండి. ఆవిరిని ఆపే కార్బన్ ఫిల్టర్‌ని వాడనప్పుడు గాలి చొరబడని సంచిలో కట్టిపెట్టాలి, లేదంటే ఊరికే ఉండగానే అరిగిపోతుంది.

చప్పుడుకి ఆస్ట్రేలియాలో హద్దు ఎనిమిది గంటలకు సగటున 85 డెసిబెల్స్. మూడు పెరిగితే సమయం సగమవుతుంది: 88కి నాలుగు గంటలే. తలుపులు మూసిన కొత్త క్యాబిన్లు దీనికి బాగా కిందే ఉంటాయి. వెనక కిటికీ తెరిచి తోలితే ఆ లెక్క చెల్లదు. ఏ మోడల్ ఎంత చప్పుడో 1920 నుంచి ట్రాక్టర్లు పరీక్షిస్తున్న అమెరికాలోని నెబ్రాస్కా కేంద్రం రిపోర్టుల్లో దొరుకుతుంది, మన మధ్యప్రదేశ్‌లోని బుద్నీ ట్రాక్టర్ పరీక్షా సంస్థ రిపోర్టుల్లోనూ డ్రైవరు చెవి దగ్గరి చప్పుడు రాస్తారు.

రాత్రి దుమ్ములో ముందు లైట్లన్నీ వేస్తే ఎదురుగా తెల్లగోడే కనిపిస్తుంది. టాపు మీద ముందుకి చూసే లైట్లు ఆపి, కిందివీ, గొట్టంవైపు పక్క లైట్లూ ఉంచుకోండి.