పిల్లల పిల్లలను చూచెదవు

ఈసారి క్రిస్మస్‌కి మేమే హైదరాబాద్ వెళ్ళాం. అదో పెద్ద సంగతా అనుకుంటారేమో, మా ఇంట్లో దాని మీద నెల రోజులు వాదన నడిచింది. "కూతురూ అల్లుడూ పండక్కి రావాలి గానీ, మనం మూట కట్టుకుని వాళ్ళింటికి పోవడమేంటి?" అని ఆయన పట్టు. మనవడి స్కూల్లో ఇచ్చిందే రెండు రోజుల సెలవు. అల్లుడికి ఆఫీసు. చివరికి ఇంటి మీద నక్షత్రం కట్టి, దాని స్విచ్ పక్కింటివాళ్ళకి చూపించి, అరిసెలు, కజ్జికాయలు, ఒక చక్రకేళి గెల పట్టుకుని తెనాలిలో రైలెక్కాం.

పండగ ఆరాధన, కేకు, కొత్త బట్టలు అన్నీ మామూలే. నాకు గుర్తుండిపోయింది ఆ రాత్రి కుటుంబ ప్రార్థన. బైబిల్లోని 128వ కీర్తన మనవడితో చదివించాం. వాడికి తెలుగు కూడబలుక్కోవాలి. "నీ భోజనపు బల్లచుట్టు నీ పిల్లలు ఒలీవ మొక్కలవలె నుందురు" దగ్గర ఆగాడు.

"ఒలీవ అంటే పిజ్జా మీద వేస్తారు, అదేనా అమ్మమ్మా?"

అదేరా అన్నాను. ఒలీవ చెట్టు మొదట్లోంచి, వేళ్ళలోంచి చుట్టూ కొత్త మొక్కలు లేస్తాయి, మన లంకల్లో అరటికి పిలకలు వచ్చినట్టు. సూది పిలక తవ్వి ఇంకో చోట పెడితే అక్కడ అదే చెట్టవుతుంది, మీ అమ్మ ఇక్కడ అయినట్టు అని చెప్పాను. "అలాంటప్పుడు అరటి అనే రాయొచ్చుగా?" అన్నాడు. తర్వాత వాడికే అనుమానం వచ్చింది. "మరి తల్లి చెట్టు?"

"గెల కోశాక నరికేస్తారు" అనేశారు తాతయ్య. రైతు కదా, ఉన్నదున్నట్టు చెప్పడమే. వాడి మొహం మారిపోయింది.

ఒలీవ అలా కాదురా, అది వందల ఏళ్ళు బతుకుతుంది, పిలకలు లేచినా ముసలి మాను అక్కడే ఉంటుంది అని సర్దిచెప్పాను. కాసేపాగి, "అందుకే అరటి రాయలేదన్నమాట" అన్నాడు. ముప్పై ఏళ్ళ పైగా సండే స్కూల్లో పాఠం చెప్పాను, ఈ ముక్క నాకు తట్టలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రాత్రే గమనించాను. ఆ కీర్తనకి పైన "యాత్రకీర్తన" అని ఉంటుంది. 120 నుంచి 134 వరకు పదిహేను కీర్తనలకీ అదే పేరు. పండగలకి యెరూషలేము వెళ్ళేవాళ్ళు దారిలో పాడుకునేవారని పెద్దలు చెబుతారు. భార్య, పిల్లలు, భోజనపు బల్ల ఉన్నాయని నేనేమో ఇన్నాళ్ళూ దీన్ని ఇంట్లో కూర్చుని పాడుకునే పాట అనుకున్నాను. "నీ పిల్లల పిల్లలను నీవు చూచెదవు" అని ఉంది గానీ, వాళ్ళే నీ గుమ్మానికి వస్తారని ఎక్కడుంది? ఆయనకి ఆ మాట చెప్తే, "రైలు టిక్కెట్ల ముందే చెప్పుంటే నెల రోజుల గొడవ తప్పేది కదా" అన్నారు.

మర్నాడు అల్లుడు కారులో మెదక్ చర్చికి తీసుకెళ్ళాడు. పండగ రోజు అక్కడ అడుగు పెట్టలేమని 26నే పెట్టుకున్నాం, అయినా జనమే. 170 అడుగుల పైనే ఉండే గోపురం కింద నిలబడి మనవడు తల వెనక్కి వాల్చి చూస్తున్నాడు. ఈ గుడి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబర్ 25న. మిషనరీ పోస్నెట్ దొర కట్టించారు. కరువు రోజుల్లో తిండి లేక వచ్చినవాళ్ళకి ఊరికే పెట్టడం కాకుండా పని ఇచ్చి, ఆ పనికి తిండి పెట్టి కట్టించారు. రాత్రి చదివిన కీర్తనలోనే ఉంది, "నీవు నీ చేతుల కష్టార్జితము ననుభవించెదవు" అని. ఇంట్లో చదివినప్పుడు మా అల్లుడి జీతమే గుర్తొచ్చింది నాకు. అక్కడ ఆ రాళ్ళ మీద చెయ్యి పెడితే, ఎవరో తల్లి తట్ట మోసి సాయంత్రానికి పిల్లలకి గంజి పట్టుకెళ్ళినట్టు అనిపించింది. ఆ కీర్తన ఆఖరి మాట మన మనవల గురించి కాదు, "ఇశ్రాయేలుమీద సమాధానముండును గాక", అంటే జనమంతటికీ శాంతి కలగాలని. మన బల్ల చుట్టూ ఉన్నవాళ్ళని చూసుకుని ఆమెన్ అనేస్తాం, ఆ మాట దాకా పోము. నేనూ అంతే.

లోపల కిటికీ అద్దాల్లో క్రీస్తు పుట్టుక బొమ్మ ఉంది. ఎండ పడినంతసేపే దానికి ఆ వెలుగు. మేము చూస్తుండగానే మబ్బు పట్టింది. మనవడు అక్కడే కూర్చుని మళ్ళీ ఎండ వచ్చేదాకా లేవనన్నాడు. కూర్చున్నాం.

బయల్దేరే రోజు రైలు దగ్గర మనవడు తాతయ్య చెవిలో ఏదో చెప్పాడు. వచ్చే క్రిస్మస్‌కి ఒక అరటి పిలక తేవాలట, బాల్కనీలో పెడతాడట. ఐదో అంతస్తులో అరటేంట్రా అని నేను నవ్వాను. ఇంటికొచ్చి మూడు రోజులు కాలేదు, ఈయన పెరట్లో పిలకలన్నీ తిరిగి చూస్తున్నారు, డ్రమ్ములో బతికేది ఏదో అని.