ఆటోనగర్‌లో ఇత్తడి నట్టు వేట

విజయవాడ నుంచి వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్లే మా ప్రయాణంలో హైదరాబాద్‌కు అసలు వాటా లేదు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ఊరి పక్క నుంచే జారుకోవాలన్నది మా బావ ప్లాను. తీరా చూస్తే ఎక్కువ సేపు ఊళ్లోనే గడిపాం. అదీ చార్మినార్ దగ్గరో ట్యాంక్‌బండ్ మీదో కాదు, ఆటోనగర్‌లో ఓ లారీల షెడ్డు పక్కన.

ముందు వ్యాను సంగతి చెప్పాలి. మా బావ ఓ పాత టెంపో ట్రావెలర్ కొని, సీట్లు పీకించి, మోటర్‌హోమ్ చేయించాడు. రెండు పరుపులు, ఒంటి పొయ్యి, గిన్నెలు కడుక్కునే సింకు, మూల ఓ బుల్లి టాయిలెట్. వెనక బెంచీ కింద అడ్డంగా వంద లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. అందులోంచి 12 వోల్టుల పంపు నీళ్లు లాగి కుళాయికి పంపిస్తుంది. నిండుగా ఉంటే ఆ నీళ్ల బరువే వంద కిలోలు. మలుపుల్లో అంత బరువూ ఒక్కసారిగా ఒక పక్కకు కొట్టుకుపోతే బండికి ప్రమాదం కాబట్టి ట్యాంకు లోపల అడ్డు పలక ఉంటుంది. నీళ్లు అటూ ఇటూ పారడానికి పలక అడుగున సన్నటి సందు వదులుతారు. ఆ సందుతో తర్వాత మాకు పని పడింది.

పంపు, పైపులు, ట్యాంకు నిపుల్ అన్నీ అమెరికా సరుకు. బావ ఆన్‌లైన్‌లో తెప్పించాడు. "ఇవి మన బజార్లో దొరకవా బావా?" అని అడిగితే "క్వాలిటీరా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

చౌటుప్పల్‌లో టీకి ఆగినప్పుడు అక్క కాళ్ల కింద చాప తడిగా తగిలింది. నిపుల్ దగ్గర వాచర్ పోయి నీళ్లు కారుతున్నాయి. ట్యాంకు నిపుల్ అంటే మరీ పెద్ద విషయమేం కాదు. ట్యాంకు గోడకు బెజ్జం పెట్టి, బయటి నుంచి ఓ మరల గొట్టం దూర్చి, లోపల పల్చటి చెక్ నట్‌తో బిగిస్తారు. ప్రతి ఇంటి డాబా మీదా ఉండేదే. నట్టు విప్పాలి, వాచర్ మార్చాలి, మళ్లీ బిగించాలి. పెద్ద అంబర్‌పేట రాకముందే రోడ్డు పక్క ఖాళీ జాగాలో వ్యాను ఆపి, నీళ్లు చాలావరకు వదిలేసి, ట్యాంకు పైమూత తిప్పి బావ మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టాడు. నట్టు విప్పడం వరకు బాగానే జరిగింది. ఆ తర్వాత లోపల 'టుప్' మని చప్పుడు.

"పడిందా?" అంది అక్క.

"పడలేదు, జారింది" అన్నాడు బావ.

అడుగున మిగిలిన రెండు వేళ్ల మందం నీళ్లలో ఆయన కాసేపు తడిమాడు. వేలికి తగిలిన నట్టు అడ్డు పలక సందులోంచి అవతలి గదిలోకి జారిపోయింది. చెయ్యి అక్కడికి అందదు. చుట్టూ చేరినవాళ్లలో నలుగురూ నాలుగు ఉపాయాలు చెప్పారు. ఒకాయన కర్ర చివర చింతపండు ముద్ద పెట్టి అద్దమన్నాడు. ఇంకొకాయన గ్రీజు అన్నాడు. తాగే నీళ్ల ట్యాంకులో గ్రీజేంటండీ అని అక్క కసిరింది. ఆటోనగర్ పోండి అన్న మాట మీద మాత్రం అందరూ ఒక్కటయ్యారు.

హయత్‌నగర్ దాటి ఇటు వస్తే ఎడమా కుడీ లారీ స్ప్రింగు పట్టీల షాపులు, రేడియేటర్లు, టైర్లు, విప్పి పడేసిన లారీ క్యాబిన్లు, వెల్డింగ్ మెరుపులు. విజయవాడ వాళ్లం కదా, ఆటోనగర్ అంటే మాదే అన్న గర్వం మాకు కాస్త ఎక్కువే. "మా ఆటోనగర్‌లో అయితే దీన్ని చిటికెలో తీసేవాళ్లు" అన్నాడు బావ, మేస్త్రి ముందే. మేస్త్రిది నల్గొండ వైపు. "మరి అక్కడనే పడేసుకోవాల్సింది సార్" అన్నాడు నవ్వుతూ. నాకు ఆయన అప్పుడే నచ్చాడు.

పక్కనే టూల్స్ షాపులో, లాగితే పొడుగయ్యే కడ్డీ చివర అయస్కాంతం ఉన్నది ఒకటి కొని బావ అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. మేస్త్రి దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. "నట్టు దేనిది సార్?" అని అడిగాడు. ఇత్తడిది. "ఇత్తడి మ్యాగ్నెట్‌కు యాడ అంటుకుంటది?" నిజమే. ఇత్తడి అంటుకోదు, రాగి అంటుకోదు, అల్యూమినియం అంటుకోదు, స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఎక్కువగా వాడే 304 రకమూ సరిగా అంటుకోదు. ట్యాంకులో ఏదన్నా పడితే అందరం మొదట అయస్కాంతం కోసమే పరిగెత్తుతాం. పడిందేమిటో అడిగేవాళ్లు తక్కువ.

మేస్త్రి అడిగిన రెండో ప్రశ్న ఇంకా మంచిది. "కొత్త నట్టు తెచ్చి ఏసుకుంటే అయిపాయె, పాతది తీయాల్నా?" ఇత్తడి తుప్పు పట్టదు, లోపల ఉన్నా కొంప మునగదు. అక్క మాత్రం ప్రయాణమంతా అది లోపల గలగలమంటుంటే తనకు నిద్ర పట్టదంది. సరే, అది తర్వాత చూద్దాం, ముందు నట్టు దొరుకుతుందేమో కనుక్కుందామని నిపుల్ జేబులో వేసుకుని నేను రాణిగంజ్ బయలుదేరాను. మేస్త్రికి ఎలాగూ ఓ లారీ పని మధ్యలో ఉంది.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో రైలు మారి, సికింద్రాబాద్ వెస్ట్‌లో దిగి ఆటో పట్టుకున్నాను. రాణిగంజ్‌లో వెతికితే దొరకని పైపు ముక్క ఉండదని చిన్నప్పటి నుంచి వింటున్నదే. పంపులు, మోటార్లు, వాల్వులు, గొట్టాలు, బేరింగులు, తాళ్లు. మడిగెలు ఇరుకు, లోపల గోదాములు లోతు. మనం అడిగిన ముక్క పేరు చెప్పేలోపే కుర్రాడు నిచ్చెన ఎక్కేస్తాడు. నేను చూపించిన నిపుల్‌కి మూడు బై ఎనిమిది సైజు చెక్ నట్టు వెంటనే తెచ్చాడు. రెండు చుట్లు చక్కగా ఎక్కింది. ఆ తర్వాత బిగుసుకుపోయింది.

గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన నిపుల్ అడిగి తీసుకుని, సొరుగులోంచి థ్రెడ్ గేజ్ తీశాడు. దువ్వెన పళ్లలాంటి రేకులు ఒక్కొక్కటే మరల మీద ఆనించి చూసి, "ఇది అమెరికన్. అంగుళానికి 18 చూడీలు. మన దగ్గర నడిచేది బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ కొలత, ఈ సైజుకి 19" అన్నాడు. చూడీ అంటే మర చుట్టు. ఒక్క చూడీ తేడా. అందుకే మొదట ఎక్కినట్టే ఎక్కి తర్వాత మొరాయిస్తుంది. బలవంతంగా తిప్పితే ఇత్తడి మెత్తన కాబట్టి రెండింటి మరలూ పోతాయి. అర అంగుళం సైజు అయితే రెండు దేశాల్లోనూ 14 చూడీలే, ఎలాగోలా నడిచేదేమో అన్నాడు. బావ కొన్న కిట్టు అర అంగుళానిది కాదు మరి. నిపుల్‌తో పాటు పంపు దాకా మొత్తం మార్చేయాలంటే సామాను ఉంది, కానీ పంపు మూతి కూడా 18 చూడీలదే. డబ్బులు తీసుకోకుండానే ఆయన నాకు ఇంత విద్య చెప్పి పంపాడు.

అంటే లోపల పడినదాన్ని తీయక తప్పదు.

నేను తిరిగొచ్చేసరికి మేస్త్రి లారీ కిందే ఉన్నాడు. పిల్లలు విసిగిపోయారు. పక్కనే ఉంది కదా అని అందరం హరిణ వనస్థలికి వెళ్లాం. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి అది. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టారు. గోడకు ఇవతల గేర్‌బాక్సుల మోత, అవతల కృష్ణజింకల మంద. ఇది మన రాష్ట్ర జంతువు అని మా అక్క కూతురు గట్టిగా చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక, తెలంగాణది చుక్కల దుప్పి. మన జంతువు ఇక్కడేం చేస్తోందని దాని అనుమానం. ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

వచ్చేసరికి మేస్త్రి చేతులు కడుక్కుని తయారుగా ఉన్నాడు. గ్యాస్ సిలిండర్ మూసేయమన్నాడు, ఇన్వర్టర్ ఆపమన్నాడు, అందరినీ కిందికి దింపాడు. ఆ తర్వాత కెమెరా వైరు తీశాడు. ఇంజిను తల విప్పకుండా సిలిండర్ లోపల చూడటానికి వాడే ఎండోస్కోప్ అది. పెన్సిలంత లావు కూడా లేని వైరు చివర కెమెరా, చుట్టూ చిన్న చిన్న లైట్లు, రెండో చివర ఫోనుకి తగిలిస్తే బొమ్మ కనబడుతుంది. మొదట ఏమీ కనబడలేదు. లైటు నీళ్ల మీద పడి తెల్లగా తళతళలాడింది. "ముందుగాల నీళ్లు తీసెయ్యాలె" అని, అడుగున ఉన్నదంతా సన్నటి గొట్టంతో లాగేసి మళ్లీ చూస్తే, అవతలి గది మూలలో పసుపుపచ్చగా నట్టు, పడుకుని ఉంది.

ఇదే డీజిల్ ట్యాంకు అయితే ఈ కెమెరా పెట్టనే పెట్టనన్నాడు. ఓ లారీ క్లీనరు డీజిల్ ట్యాంకులో స్పానర్ పడేసుకున్న కథ చెప్పాడు. ఇనుప ట్యాంకు కాబట్టి అయస్కాంతం దించితే స్పానర్‌కి బదులు గోడకే పోయి అతుక్కుంటుంది. ఆవిరి ఉంటుంది కాబట్టి మామూలు లైటు, వాక్యూమ్ క్లీనరు దగ్గరికి రానివ్వకూడదు. మొత్తం ట్యాంకు దించి, ఖాళీ చేసి, ఆరబెట్టి బోర్లించారట. ఆ లెక్కన మా పని నయమేనని బావ ముఖంలో కాస్త ఊరట.

తర్వాత వంగే కడ్డీ ఒకటి లోపలికి వెళ్లింది. పైన బొత్తాం నొక్కితే చివర నాలుగు కొక్కేలు విచ్చుకుంటాయి, వదిలితే ముడుచుకుంటాయి. అక్క చూడగానే "పాతాళ గరిగె!" అంది. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో బావిలో బిందె పడితే తెచ్చేవాళ్లు. ఊరంతటికీ ఒకరిద్దరి ఇళ్లలోనే ఉండేది, తీసుకెళ్లినవాళ్లు తమ చెంబో గిన్నో కుదువ పెట్టి వెళ్లాలి. బిందెకైతే అంచు ఉంటుంది, కొక్కేనికి దొరుకుతుంది. చెక్ నట్టు పల్చన, పైగా బల్లపరుపుగా పడుకుని ఉంది. కొక్కేలు దాని మీదుగా జారిపోతున్నాయి. కెమెరానీ కడ్డీనీ కలిపి టేపు చుట్టినా అంతే. బావ ఫోను తెర మీద చూస్తూ "ఎడమకి, ఎడమకి" అంటున్నాడు. తెర మీద ఎడమ, ట్యాంకులో ఎటో ఎవరికి తెలుసు!

పక్క షెడ్డాయన వచ్చి, పైభాగం కోసేసి తర్వాత ప్లాస్టిక్ వెల్డింగ్ కొడదామన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. కాసేపు కడ్డీ పక్కన పెట్టి, బండి చుట్టూ ఓసారి తిరిగి, నీళ్లు నింపే మూతి ఎటువైపు ఉందో చూశాడు. కుడివైపు. నట్టు ఉన్నదీ కుడివైపే. చెయ్యి పట్టే మూత ఎడమవైపు. "దాని తానికి మనం పోవుడు కాదు సార్, దాన్నే మన తానికి రప్పిద్దాం."

ఎడమ చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టించి, కుడి పక్క జాకీ వేసి లేపాడు. కింద దన్నుగా కొయ్య మొద్దులు దూర్చాక గానీ కుర్రాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. ట్యాంకు అడుగు ఇప్పుడు ఎడమకి వాలుగా ఉంది. పక్కన లారీలు కడిగేచోటి నుంచి పైపు తెచ్చి, కుడివైపు మూతిలోంచి నీళ్లు ఒక్కసారిగా వదిలారు. నిపుల్ తీసేసిన బెజ్జం ఎడమవైపు అడుగునే ఉంది కాబట్టి వచ్చిన నీళ్లు వచ్చినట్టే బయటికి పోతున్నాయి. నట్టు కూడా ఆ బెజ్జంలోంచి పోతుందేమోనని నేను భయపడ్డాను. మేస్త్రి నావైపు జాలిగా చూశాడు. బెజ్జంలోంచి పోయే నట్టు బెజ్జాన్ని ఎలా బిగిస్తుంది?

నట్టు కదిలింది. జరజరా వచ్చి అడ్డు పలక సందు దగ్గర నిలువునా ఇరుక్కుంది. నీళ్లు ఆపించి, ఇప్పుడు కడ్డీ పెట్టి చిన్నగా తోసి దాన్ని పడుకోబెట్టాడు. పట్టుకోవడానికి పనికిరాని కొక్కెం తోయడానికి పనికొచ్చింది. మళ్లీ నీళ్లు. పల్చటి నట్టు సందు కింద నుంచి జారి వచ్చి మూత కిందే ఆగింది. మేస్త్రి రెండు వేళ్లతో తీసి బావ అరచేతిలో పెట్టాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పక్క షెడ్డాయన కూడా.

బిగించేటప్పుడు ఆయన చేసిన పని చూశాక నాకు అసలైన విద్య ఇదనిపించింది. నిపుల్ గొట్టంలోంచి ఓ నైలాన్ దారం దూర్చి, దాని కొసను ట్యాంకు పైమూత దాకా లాగి, ఆ కొసకి నట్టు గుచ్చాడు. దారం పట్టుకుని వదిలితే నట్టు నేరుగా నిపుల్ మూతి దగ్గరికే జారింది. అక్కడ వేళ్లతో నాలుగు చుట్లు తిప్పి, బయట స్పానర్‌తో బిగించి, దారం లాగేశాడు. చెయ్యి జారినా నట్టు దారం మీదే ఉంటుంది.

ట్యాంకును బ్లీచింగ్ నీళ్లతో కడిగి, వాసన పోయేదాకా మళ్లీ మళ్లీ జాడించాం. జాడించడానికి నల్లా నీళ్లు. నాగార్జునసాగర్ నుంచి ఈ ఊరికి వచ్చే కృష్ణ నీళ్లు. మా ఇంట్లో పట్టుకునేదీ అదే నది, కాస్త దిగువన. తాగడానికి మాత్రం ఇరవై లీటర్ల క్యాన్లు ఐదు తెప్పించి పోయించింది అక్క. మేస్త్రి అడిగింది తక్కువే అనిపించి బావ ఎక్కువ ఇవ్వబోతే, ఆ మ్యాగ్నెట్ కడ్డీ మీకు పనికిరాదు కదా, అది ఇచ్చిపోండి అన్నాడు.

ఔటర్ మీద శంషాబాద్ మీదుగా వెళ్లి, అప్పా జంక్షన్ దగ్గర దిగి, చేవెళ్ల రోడ్డు పట్టుకున్నాం. రెండు పక్కలా మర్రిచెట్లు కొమ్మలు కలుపుకున్న రోడ్డు అది. చీకటి పడేసరికి వికారాబాద్. చాప పొడిగా ఉంది.

అనంతగిరిలో సిగ్నల్ దొరికిన చోటల్లా బావ అదే 18 చూడీల చెక్ నట్లు ఆన్‌లైన్‌లో వెతికాడు, స్పేర్‌కి నాలుగు ఉంటే మంచిదని. నట్టు ఖరీదు కంటే డెలివరీ చార్జీ ఎక్కువ. అక్క ఫోను లాక్కుని, తిరుగు ప్రయాణంలో రాణిగంజ్‌లో ఆగి పంపుతో సహా అన్నీ 19వి వేయించేద్దామని చెప్పేసింది. బావ ఏదో అనబోయాడు. "క్వాలిటీ" అన్న మాట మాత్రం ఎత్తలేదు.