పడవ డీజిల్ ట్యాంకు శుభ్రం: పని ఎంతవరకు వచ్చిందంటే

మా పడవ 1985 నాటి కాటలీనా 30. సియాటెల్‌లోని షిల్‌షోల్ బే మరీనాలో, అంటే పడవలు కట్టే రేవులో ఉంటుంది. తెరచాప పడవకి ఇంజిన్‌తో ఏం పని అని ఊరి నుంచి ఫోన్ చేసినవాళ్లు అడుగుతుంటారు. సియాటెల్ పక్కనున్న సముద్రపు పాయ పుగెట్ సౌండ్‌లో ఎండాకాలం సగం రోజులు గాలే ఉండదు. పైగా డిసెప్షన్ పాస్ లాంటి ఇరుకు దారిలో నీటి ప్రవాహం ఒక్కోసారి 8 నాట్ల (సముద్రం మీద వేగం కొలత) దాకా పోతుంది. మా ఇంజిన్ పూర్తిగా తొక్కినా పడవ 6 నాట్లు దాటదు. అలాంటి చోట ఇంజిన్ ఆగిందంటే ప్రాణాల మీదకి వచ్చినట్టే. అందుకే ఈ శీతాకాలం తెరచాపల పని పక్కన పెట్టి, డీజిల్ లైను మొత్తం పట్టుకున్నాను.

ఇంజిన్ యూనివర్సల్ ఎం-25. మూడు సిలిండర్లు, 21 హార్స్‌పవర్. బోర్డు మీద పేరు ఏదైనా లోపలున్నది ట్రాక్టర్లు చేసే కుబోటా వాళ్ల ఇంజిన్. తెనాలి దగ్గర మా బాబాయ్ ట్రాక్టర్ మీద పెరిగిన మనిషి కాబట్టి లక్షణాలన్నీ ముందు ఆయనకే చెప్పాను. మరీనాలో కట్టి ఉన్నప్పుడు గంటసేపు తిప్పినా ఏమీ కాదు. బయట అలలు లేచాక అరగంటకి ఆర్‌పీఎం ఊగడం మొదలవుతుంది, తర్వాత ఆగిపోతుంది. ఫిల్టర్ మారిస్తే మళ్లీ బాగుంటుంది, కొన్నాళ్లకి మళ్లీ అదే. బాబాయ్ అంతా విని, “ఒరేయ్, ఫిల్టర్ సంగతి తర్వాత, ముందు ట్యాంకు అడుగు చూడరా” అన్నాడు.

ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. డీజిల్లో నీళ్లు చేరితే బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి. నీళ్లకీ డీజిల్‌కీ మధ్య ఉన్న పొరలో బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. పడవ కదలకుండా ఉంటే ఆ మడ్డి అడుగునే ఉంటుంది. అలలకి ట్యాంకు ఊగిందంటే అంతా పైకి లేచి పైపులోకి వస్తుంది. అంటే ఇంజిన్ సరిగ్గా అవసరమైనప్పుడే ఆగుతుంది. ఫిల్టర్ మీద ఫిల్టర్ మార్చుకుంటూ పోవడం జ్వరానికి కారణం చూడకుండా మాత్రలు మింగడం లాంటిదని నా గట్టి అభిప్రాయం.

ట్యాంకు 18 గ్యాలన్ల అల్యూమినియంది, అంటే సుమారు 68 లీటర్లు. ముందు డీజిల్‌ని చేతిపంపుతో పసుపు క్యాన్లలోకి తోడాను. తర్వాత నింపే గొట్టం, గాలి గొట్టం, ఇంజిన్‌కి వెళ్లే లైను, తిరిగొచ్చే లైను, ఎర్త్ వైరు విప్పాను. ప్రతిదానికీ టేపు అంటించి పేరు రాశాను, ఫోటో తీశాను. కింద నూనె పీల్చే షీట్లు పరిచాను. డీజిల్ చుక్క బిల్జ్‌లో, అంటే పడవ అడుగున నీళ్లు చేరే చోట పడితే పంపు దాన్ని సముద్రంలోకి తోసేస్తుంది, అందుకే పని అయ్యేదాకా బిల్జ్ పంపు స్విచ్ ఆఫ్. ఇంకో మాట: నీళ్ల మీద డీజిల్ తెట్టు కట్టిందని అంట్ల సబ్బు చల్లడం ఇక్కడ చట్టవిరుద్ధం. సబ్బుతో తెట్టు కనపడకుండా పోతుంది కానీ డీజిల్ నీళ్లలోనే ఉంటుంది, చేపలకి ఇంకా హాని.

ట్యాంకు మీద డీజిల్ గేజీ బిగించిన ప్లేటు విప్పి టార్చి వేసి చూశాను. అడుగంతా నల్లటి జిగురు. చెంచాతో తీస్తే జారకుండా ముద్దగా నిలబడింది. ట్యాంకు మధ్యలో అలల ఊపు తగ్గించడానికి అడ్డుపలక ఉంటుంది. దాని వెనక మూలలో ఇంకా ఎక్కువ పేరుకుంది. పై నుంచి పైపు పెట్టి డీజిల్‌ని ఫిల్టర్ గుండా తిప్పి పోసే పద్ధతి చాలామంది చేయిస్తారు. కానీ ఆ మూలలోకి ఆ ధార చేరదు. చేతికి అందేలా తెరిచి రుద్దడమే దారి. ట్యాంకు బయటికి తీయడం కష్టమే అయినా అందుకే తీశాను.

డీజిల్ పీల్చే పైపు కొసన సన్నటి జాలీ ఒకటి ఉంది. సగం కన్నాలు మూసుకుపోయి, దాని చుట్టూ నల్లటి పొర తోలులా చుట్టుకుంది. ఆ జాలీని తీసేశాను. చెత్త ఆపాల్సింది ఫిల్టర్ దగ్గర, అక్కడైతే చేత్తో మార్చుకోవచ్చు. ట్యాంకు లోపల మూసుకుపోతే నడిసముద్రంలో చేసేదేమీ లేదు. మడ్డి, పాత డీజిల్ కింగ్ కౌంటీ వాళ్ల ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇచ్చాను.

అసలు నీళ్లు ఎక్కడి నుంచి? డెక్ మీద నింపే మూత విప్పి చూస్తే నీళ్లు దిగకుండా ఆపే ఓ-రింగు (రబ్బరు చుట్టు) గట్టిపడి, గోటితో నొక్కితే పగుళ్లు తేలాయి. సియాటెల్ వాన శీతాకాలమంతా ఆ మూత మీదే కురుస్తుంది. కొత్త రింగుకి కొద్దిగా గ్రీజు రాసి పెట్టాను. మొత్తం మరమ్మతులో అతి చవక సామాను ఇదే, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

ట్యాంకుకీ ఇంజిన్‌కీ మధ్య ఉండే ఫిల్టర్ రాకర్ కంపెనీ 500 మోడల్. దీనికి మూడు రకాల ఎలిమెంట్లు దొరుకుతాయి: గోధుమ రంగుది 2 మైక్రాన్లు, నీలం 10, ఎరుపు 30 (అంకె తగ్గేకొద్దీ ఇంకా సన్నటి చెత్తని ఆపుతుంది). నేను నీలం వేశాను. ఇంజిన్ మీద ఇంకో ఫిల్టర్ ఎలాగూ ఉంది, మొదటిదే 2 మైక్రాన్లది పెడితే త్వరగా నిండి ఇంజిన్‌కి డీజిల్ అందదు. పైన హ్యాండిల్ తీసేసి వాక్యూమ్ గేజీ పెట్టాను. ఫిల్టర్ మూసుకుపోయేకొద్దీ ముల్లు పైకి పోతుంది, ఇంజిన్ ఆగేలోపే తెలుస్తుంది.

అన్నీ బిగించాక డీజిల్ లైన్లలో చేరిన గాలి తీయాలి. ట్రాక్టర్‌కి ఎయిర్ పట్టినప్పుడు చేసేదే ఇక్కడా. ముందు రాకర్ గిన్నెని శుభ్రమైన డీజిల్‌తో నింపాను. తాళం తిప్పగానే కరెంటు పంపు టిక్ టిక్‌మంటూ మొదలైంది. ఇంజిన్ ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేస్తే మొదట నురగ, తర్వాత బుడగలు, ఆ తర్వాత చిక్కటి ధార. స్క్రూ బిగించి, ఇంజెక్షన్ పంపు మీది నాబ్ తెరిచి ఒకటి రెండు నిమిషాలు వదిలి మూశాను. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల నట్లు ముట్టుకోవాల్సిన పనే రాలేదు. రాగి వాషర్లు మాత్రం విప్పిన ప్రతి చోటా కొత్తవే వేయాలి. పాతవి వేస్తే డీజిల్ కారకపోయినా గాలి లోపలికి లాగుతుంది.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఇంజిన్ అందుకోకుండా చాలాసేపు స్టార్టర్ కొట్టాల్సి వస్తే సముద్రపు నీళ్లు వచ్చే వాల్వు మూసేయండి. స్టార్టర్ తిప్పినంతసేపూ ఇంజిన్‌ని చల్లబరిచే ఆ నీళ్లు సైలెన్సర్‌లోకి వస్తూనే ఉంటాయి, ఇంజిన్ నడవకపోతే వాటిని బయటికి తోసే పొగ ఉండదు. అవి నిండి వెనక్కి సిలిండర్లలోకి వెళ్తే ఇంజిన్ పోయినట్టే. అందుకున్న వెంటనే వాల్వు తెరవడం మర్చిపోకూడదు. నేను వాల్వు హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బను కట్టి, దాని రెండో కొస ఇంజిన్ తాళానికి ముడేశాను.

పరీక్షకి పుగెట్ సౌండ్ ఉత్తరపు ముఖద్వారం అడ్మిరాల్టీ ఇన్‌లెట్ వైపు వెళ్లాం. ఉత్తరపు గాలి, దానికి ఎదురుగా సముద్రం వైపు లాగే పాటు నీళ్లు. అల నిటారుగా లేచి పడవ దబదబా కొట్టుకుంది, నాకు కావాల్సిందీ అదే. వాక్యూమ్ ముల్లు 2 దాటలేదు, ఆర్‌పీఎం ఊగలేదు. తిరిగొచ్చాక గిన్నె అడుగున కందిగింజంత నల్లటి ముక్క ఒకటి కనిపించింది. బహుశా పాత గొట్టం లోపల అంటుకున్నదే.

అందుకని వచ్చే నెల డీజిల్ గొట్టాలన్నీ మారుస్తాను, మంటని తట్టుకునే ఏ1 రకం, ఒక్కో కొసకి రెండేసి క్లాంపులు. ఆ తర్వాత నాజిళ్లు విప్పి ప్రెజర్ టెస్టుకి పంపాలి.