సాంగ్ ఆఫ్ ద సౌత్‌ని బీరువాలో పెట్టి తాళం వేస్తే సరిపోతుందా?

ఎవరో నెట్‌లో పెట్టిన ఒక మసక కాపీలో మొత్తానికి సాంగ్ ఆఫ్ ద సౌత్ చూసేశాను. వేరే దారి లేదు మరి. డిస్నీ వాళ్లు 1946లో తీసిన ఈ సినిమా అమెరికాలో ఇప్పటిదాకా క్యాసెట్‌గా గానీ డిస్క్‌గా గానీ అధికారికంగా రాలేదు, అక్కడి థియేటర్లలో చివరిసారి ఆడింది 1986లో. ముందు హెచ్చరిక వేసైనా సరే డిస్నీ ప్లస్‌లో పెట్టేది లేదని 2020లో అప్పటి డిస్నీ ఛైర్మన్ బాబ్ ఐగర్ తేల్చి చెప్పేశాడు.

నల్లజాతివాళ్లని చూపించిన తీరు మీద దీనికి చెడ్డపేరు కదా, చూడకముందు ఏ కొరడా దెబ్బలో, బూతులో ఉంటాయనుకున్నా. ఏమీ లేవు, అసలు చిక్కంతా అక్కడే. అమెరికా దక్షిణాన ఉన్న జార్జియా రాష్ట్రంలో ఒక పెద్ద తోట, నాన్న దూరంగా ఉన్నాడని దిగులుపడే తెల్ల పిల్లాడు, వాడికి కథలు చెప్పి ఊరడించే అంకుల్ రీమస్ అనే నల్లజాతి ముసలాయన. పనివాళ్లు పాడుకుంటూ పోతుంటారు, పాడుకుంటూ వస్తుంటారు. ఇది ఏ కాలమో సినిమా చెప్పదు. చివర్లో రీమస్ తన ఇష్టంతో మూట సర్దుకుని అట్లాంటా పట్నానికి బయల్దేరతాడు కాబట్టి బానిసత్వం పోయాక జరిగిన కథ అని మనమే ఊహించుకోవాలి, ఎనిమిదేళ్ల పిల్లలకి అది ఎలా తడుతుంది? ఆ ముసలాయనకి ఈ పిల్లాడి దిగులు తప్ప సొంత దిగులే లేదు. ఆయన చెప్పే, తెరమీద కార్టూన్లుగా వచ్చే, నక్కని బోల్తా కొట్టించే కుందేలు కథలేమో బానిసలు తమలో తాము చెప్పుకున్నవి, మన పంచతంత్రంలో సింహాన్ని బావిలోకి దూకించిన కుందేలు లాంటివే, బలవంతుడి మీద బలహీనుడి గెలుపు. వాటిని తీసుకొచ్చి యజమాని మనవడికి జోలపాట చేశారు.

"అప్పటి రోజులు వేరు" అనేవాళ్లకి ఒక్క మాట. అభ్యంతరం వచ్చింది కూడా అప్పుడే. నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ తరఫున వాల్టర్ వైట్, సినిమా పనితనం బాగుందని ఒప్పుకుంటూనే, యజమానీ బానిసల బంధాన్ని అందంగా చూపిస్తోందని 1946లోనే తప్పుపట్టాడు.

ఇంత చెప్పాక కూడా దీన్ని దాచేయడం నాకు నచ్చలేదు. కారణం జేమ్స్ బాస్కెట్, రీమస్ వేషం వేసినాయన. షూటింగ్ నాటికి ఆయన వయసు 40 అటూఇటూ, తెరమీద నమ్మలేం. నక్క గొంతు కూడా ఆయనదే. 1946 నవంబర్ 12న అట్లాంటాలో మొదటి ఆట వేస్తే హీరో రాలేదు, ఎందుకంటే వర్ణవివక్ష చట్టాలున్న ఆ ఊళ్లో ఆ సంబరాల్లో ఆయనకి చోటు లేదు. 1948 మార్చిలో గౌరవ ఆస్కార్ ఇచ్చారు, ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి మగ నటుడు ఆయనే. ఆ జూలైలో చనిపోయాడు, 44 ఏళ్లకే. అంత పని చేసిన మనిషిని అప్పుడు ఊళ్లోకి రానివ్వలేదు, ఇప్పుడు తెరమీదకి రానివ్వట్లేదు.

పైగా ఈ దాపరికం ఏమంత నిజాయితీగానూ లేదు. సినిమా పెట్టెలో ఉన్నా, అందులోని కుందేలూ ఆస్కార్ వచ్చిన పాటా కలిపి 1989లో డిస్నీలాండ్‌లో స్ప్లాష్ మౌంటెన్ అనే రైడ్ కట్టి 30 ఏళ్లకి పైగా టికెట్లు అమ్ముకున్నారు. దాన్ని మూసింది 2023లో. డబ్బొచ్చే ముక్క బయట, సిగ్గేసే ముక్క లోపల.

పిల్లల కార్టూన్ల వరసలో పెట్టమని నేనూ అనను, అలా పెడితే నేనే తిడతాను. బానిసల కాలాన్ని ఇలాగే అందంగా చూపించిన పాత హాలీవుడ్ సినిమా గాన్ విత్ ద విండ్‌ని 2020లో హెచ్‌బీఓ మ్యాక్స్ అనే స్ట్రీమింగ్ సర్వీస్ తీసేసి, కొద్ది రోజులకే జాక్వెలిన్ స్టీవర్ట్ అనే సినిమా చరిత్ర ప్రొఫెసర్ చెప్పిన ముందుమాటతో మళ్లీ పెట్టింది. అలాగే దీన్నీ పెద్దవాళ్ల సెక్షన్‌లో, బాస్కెట్ కథతో కలిపి పెట్టొచ్చు. ఎందుకంటే ఈ తాళం కూడా ఎల్లకాలం ఉండదు. అమెరికా చట్టం ఇప్పుడున్నట్టే ఉంటే 2042 జనవరి 1న కాపీరైట్ అయిపోతుంది. ఆ రోజు నుంచి అమెరికాలో ఎవరైనా, ఏ ముందుమాటా లేకుండా, పిల్లల కార్టూన్ల పక్కనే పెట్టుకోవచ్చు.