గంటన్నర టేబుల్

రెస్టారెంట్‌లో టేబుల్‌కి టైం పెట్టడం తప్పేం కాదని నా లెక్క. ఏసీ బిల్లు, అద్దె, జీతాలు ఎలాగూ కట్టాల్సిందే. తినేసి గంటలకొద్దీ కబుర్లాడితే గుమ్మం దగ్గర పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డవాళ్ల మాటేంటి? లండన్, న్యూయార్క్‌లలో చాలాచోట్ల గంటన్నర, రెండు గంటలని బుకింగ్ అప్పుడే చెప్పేస్తారు. పారిస్‌లో అయితే అడిగేదాకా బిల్లు తేరు, తెస్తే మర్యాద కాదట.

ఒడిశాలో మా బరంపురంలోనూ ఈ టైం పెట్టడం మొదలైంది. మొన్న ఆదివారం రాత్రి ఒకచోట టేబుల్ మీద కార్డు: తొంభై నిమిషాలు. మావయ్య కళ్లజోడు సర్దుకుని చదివి, "ఇదేటి, గంటకింతని సైకిల్ అద్దెకిచ్చినట్టు!" అన్నాడు. సరే, రూలు రూలే. కానీ ఆర్డరిచ్చిన ముప్పావుగంటకి గానీ బిర్యానీ రాలేదు. ఆ టైం కూడా మా ఖాతాలోనే! అత్త ఇంకా పెరుగన్నం కలుపుతూనే ఉంది, బిల్లు ఫోల్డరూ సోంపు గిన్నే వచ్చేశాయి. మావయ్య ఒడియాలో "టికే రుహ బాబు" (కాస్త ఆగు బాబూ) అంటే బిల్లు తెచ్చిన కుర్రాడు సిగ్గుపడి నవ్వాడు. పాపం, వాణ్ణి తోసింది కౌంటర్లోని ఆసామి చూపులే.

నేననేది ఒక్కటే. గడియారం తిప్పితే తిప్పండి, ప్లేటు టేబుల్ మీదకొచ్చాక తిప్పండి. చేతులు కడుక్కున్నాక మేమే లేస్తాం. కబుర్లకి గోపాల్‌పూర్ బీచ్ ఉందిగా, అక్కడ ఇసకకి బిల్లెయ్యరు.