సంతకం పెట్టలేదు సరే, తర్వాత సంగతేంటి?

హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు వెళ్తే, మయన్మార్ నుంచి పారిపోయొచ్చిన రోహింగ్యా ముస్లింల గుడిసెలు కనిపిస్తాయి, పైన టార్పాలిన్లు, పక్కనే ఏరుకొచ్చిన ప్లాస్టిక్ సీసాలు, అట్టముక్కల మూటలు. వీళ్ళ మాటెత్తితే చాలు వాట్సాప్ గ్రూపుల్లో రెండే డైలాగులు. అందరినీ తరిమేయాలని ఒకళ్ళు, అంతర్జాతీయ చట్టం ఒప్పుకోదని ఇంకొకళ్ళు. ఇద్దరూ ఆ చట్టం తెరిచి చూసినట్టు లేరు.

ఆ చట్టమంటే ముఖ్యంగా 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం. అందులో 33వ ఆర్టికల్ ఏమంటుందంటే, ప్రాణానికి ముప్పున్న చోటికి మనిషిని వెనక్కి పంపకూడదు అని. దాని కిందే రెండో క్లాజు ఉంది, దేశ భద్రతకి ప్రమాదమని నమ్మడానికి తగిన కారణాలున్నవాడికి ఈ రక్షణ అడిగే హక్కు లేదట. అంటే సెక్యూరిటీ భయం సంగతి ఆ ఒప్పందం రాసినవాళ్ళకి అప్పుడే తెలుసు, కాకపోతే అక్కడ చూడాల్సింది ఒక్కో మనిషిని, జాతి మొత్తాన్ని కాదు.

మన దేశం ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, నిజమే. బంగ్లాదేశ్ కూడా పెట్టలేదు, అయినా 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు వచ్చిపడితే తన కాక్స్ బజార్ జిల్లాలో చోటిచ్చింది, ఇప్పుడు ఆ క్యాంపుల్లో సాయుధ ముఠాలతో, హత్యలతో తల పట్టుకుంటోంది. కాబట్టి భయాలన్నీ ఉత్తవే అనను. మన హైదరాబాద్‌లోనూ దొంగ ఆధార్, ఓటర్ కార్డుల కేసుల్లో కొందరు దొరికారు, దొరికినవాళ్ళ మీద కేసు పెట్టాల్సిందే, అందులో డౌటేముంది.

కానీ పక్క గుడిసెలో ఉన్నావిడ ఏం చేసిందని?

జమ్మూలో పట్టుకున్న రోహింగ్యాల కేసులో 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు వాళ్ళని వదలమనలేదు, రాజ్యాంగంలోని 14, 21 ఆర్టికల్స్ (చట్టం ముందు సమానత్వం, ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ) అందరికీ ఉంటాయి గానీ ఈ దేశంలో ఉండే హక్కు పౌరులదే అంది, పంపితే మాత్రం పద్ధతి ప్రకారమే పంపమంది. ఆ పద్ధతిలోనే ఉంది చిక్కంతా. పంపాలంటే అవతలి దేశం వీడు మావాడే అనాలి, మయన్మారేమో 1982 పౌరసత్వ చట్టంతో వీళ్ళలో చాలామందిని అసలు లెక్కలోంచే తీసేసింది. 2018 అక్టోబర్‌లో ఏడుగురిని మణిపూర్ సరిహద్దులోని మోరే దగ్గర అప్పజెప్పగలిగారంటే మయన్మార్ ఒప్పుకుంది కాబట్టే. ఒప్పుకోనివాళ్ళు? జైల్లోనో వెనక్కి పంపేదాకా విదేశీయుల్ని ఉంచే హోల్డింగ్ సెంటర్లోనో పడుంటారు, శిక్ష అయిపోయినా సరే.

టిబెటన్లకి, శ్రీలంక తమిళులకి మన దగ్గర కాగితాలిచ్చి, పేర్లు రాసుకుని, నిఘా కూడా పెట్టి నడిపిస్తూనే ఉన్నాం కదా. నన్నడిగితే ఒక ఆఫీసరు కూర్చుని ఒక్కొక్కళ్ళని పిలిచి అడిగి తేల్చే చట్టం కావాలి, పోలీసులకి కూడా అదే మేలు, ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది. 2015లో కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్ లోక్‌సభలో అలాంటి ప్రైవేటు బిల్లు, అంటే ప్రభుత్వం కాకుండా ఎంపీ సొంతంగా పెట్టేది, ఒకటి పెట్టాడు. అది ముందుకి కదల్లేదు.